పార్కిన్సన్స్ ఉన్న మనిషిని ఇంట్లో చూసుకోవడం: మా ఇంటి టైం చార్టు

మావారు ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. ఏలూరు–చింతలపూడి రూటులోనే సర్వీసు చాలా భాగం గడిచింది. 2016 మే నెలలో ఒక రాత్రి డ్యూటీ దిగి వచ్చి, సంచిలో చిల్లర మంచం మీద పోసుకుని లెక్కపెడుతున్నారు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రూపాయి బిళ్ల ఒకటి ఆగిపోయింది. వేలు దాన్ని తోయాలని చూస్తోంది, సన్నగా వణుకుతోంది, మళ్లీ ఆగుతోంది. ముప్పై ఏళ్లుగా ఆ వేళ్లు చిల్లర తీస్తుంటే చూసినదాన్ని, నా గుండె జారిపోయింది. "అలసటలే" అన్నారాయన. ఎనిమిది నెలల తర్వాత న్యూరాలజిస్టు పార్కిన్సన్స్ అని చెప్పారు.

వెనక్కి తిరిగి చూసుకుంటే అంతకు ఐదారేళ్ల ముందు నుంచే సూచనలున్నాయి. పులుసులో ఇంగువ వేశానో లేదో ఆయనకి తెలిసేది కాదు, ముక్కుకి వాసన పోయింది. మలబద్ధకం. నిద్రలో "దిగండి, దిగండి" అని గట్టిగా అరుస్తూ కాళ్లతో తన్నేవారు. పని ఒత్తిడి అనుకున్నాం. ఇవన్నీ ఈ జబ్బులో వణుకు కంటే ముందే రావచ్చని తర్వాత తెలిసింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే కంగారు పడక్కర్లేదు గానీ, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు తప్పకుండా చెప్పండి.

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నవి, మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవి రాస్తున్నాను. మందుల మోతాదు మాత్రం మీ డాక్టరే చెప్పాలి. మావారికి పడినది మీవాళ్లకి పడకపోవచ్చు.

జబ్బు గురించి నాలుగు ముక్కలు

మెదడు లోపల నల్లగా ఉండే ఒక చిన్న భాగంలో డోపమిన్ అనే పదార్థం తయారవుతుంది. కదలాలనుకున్నది కదలికగా మారాలంటే అది కావాలి. దాన్ని తయారు చేసే కణాలు మెల్లమెల్లగా చనిపోవడమే ఈ జబ్బు. అంటుకోదు. పక్షవాతం కాదు. వణుకు అందరికీ రాదు. కొందరికి బిగుసుకుపోవడం, పనులన్నీ నెమ్మదించడమే ఎక్కువ. ముఖంలో కండరాలు కూడా నెమ్మదిస్తాయి కాబట్టి మనిషి నవ్వడం మానేసినట్టు, మన మీద కోపంగా ఉన్నట్టు కనిపిస్తారు. మా కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో "మామయ్యగారికి నేనంటే ఇష్టం లేదేమో అత్తయ్యా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంటిల్లిపాదికీ ఈ ముఖం సంగతి ముందే చెప్పండి.

మాత్ర టైముకి పడాలి

ఈ ఒక్కటీ పట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర ఈ జబ్బుకి ముఖ్యమైన మందు. లెవోడోపా మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారుతుంది. దారిలోనే ఖర్చయిపోకుండా, వాంతులు రాకుండా కార్బిడోపా కాపాడుతుంది. ఇది జబ్బుని నయం చేయదు, కానీ మనిషిని మనిషిలా తిరగనిస్తుంది.

మొదటి మూడు నాలుగేళ్లు మాత్ర అరగంట ఆలస్యమైనా తేడా తెలిసేది కాదు. తర్వాత్తర్వాత ఒక్కో మాత్ర పనిచేసే వేళ కుదించుకుపోతుంది. మావారికి ఇప్పుడు ఒక మాత్ర మూడున్నర గంటలే నిలుస్తుంది. మందు దిగిపోయేటప్పుడు నాకు ముందుగా తెలిసేది ఆయన కుడికాలి వేళ్ల దగ్గర: బొటనవేలు పైకి లేచి మిగతావి కిందికి ముడుచుకుంటాయి. తర్వాత గొంతు సన్నబడుతుంది. పది నిమిషాల్లో కుర్చీలోంచి లేవలేరు. మీవాళ్లకి మొదటి గుర్తు ఏమిటో మీరు కనిపెట్టుకోండి. ఆ గుర్తు కనిపించాక స్నానానికో మెట్ల మీదికో తీసుకెళ్లకండి. మాత్ర వేసి, అది అందేదాకా కూర్చోబెట్టండి. స్నానం, నడక, బట్టలు మార్చడం, భోజనం, బయటికి వెళ్లడం, ఇవన్నీ మందు పనిచేసే వేళలోనే పెట్టుకోవాలి.

అందుకే బస్సులకి టైం చార్టు ఉన్నట్టే ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు అంటించాను. ఫోన్లో అలారాలు పెట్టాను. మాత్ర వేసిన టైము, బాగా నడిచిన టైము, బిగుసుకున్న టైము, ఏం తిన్నారో ఒక నోటుబుక్కులో రాస్తాను. రోజూ అక్కర్లేదు, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మూడు నాలుగు రోజులు రాస్తే చాలు. పెసరట్టు సంగతి ఆ పుస్తకంలోనే దొరికింది. ఆదివారాలు ఉదయం మాత్రతో పాటే పెసరట్టు పెట్టేదాన్ని. ఆదివారాలే మధ్యాహ్నం దాకా అడుగు పడేది కాదు. చూపిస్తే డాక్టరుగారు, పేగుల్లోంచి లోపలికి వెళ్లడానికి ప్రొటీన్, లెవోడోపా పోటీ పడతాయని చెప్పారు. ఇప్పుడు మాత్ర తిండికి ముప్పావు గంట ముందు, మంచినీళ్లతో వేస్తాను. పగలు ఇడ్లీ, కూర అన్నం, పళ్లు. పప్పు, గుడ్డు, పెరుగు ఎక్కువ భాగం రాత్రికి. ప్రొటీన్ పూర్తిగా మానేయకూడదు, మనిషి చిక్కిపోతారు. మొదట్లో పరగడుపున మాత్ర వేస్తే కడుపులో తిప్పేది, అప్పుడు ఒక అరటిపండు తోడుగా పెట్టేదాన్ని. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మలబద్ధకం ఉన్నా మాత్ర సరిగ్గా అందదు. నీళ్లు, జామపండు, ఆకుకూరలు, రాత్రి ఇసబ్‌గోల్ మా ఇంట్లో మందులతో సమానం.

మాత్ర ఎక్కువైతే ఇంకో రకం కదలిక వస్తుంది. ఒళ్లు, మెడ, చేతులు మెలికలు తిరుగుతున్నట్టు ఊగుతాయి. దాన్ని చూసి వణుకు పెరిగిందనుకుని ఇంకో మాత్ర వేసేవాళ్లున్నారు. అలా చేయకండి. వణుకైనా ఊగడమైనా ఫోన్లో వీడియో తీసి, ఎప్పుడు మాత్ర వేశారో చెబుతూ డాక్టరుకి చూపించండి. ఆసుపత్రి గదిలో ఉన్న పది నిమిషాల్లో కనిపించనిది వీడియోలో కనిపిస్తుంది.

ఇంకో మాట. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే ఒళ్లు కొయ్యబారి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. తిరుపతి వెళ్లినా చెల్లెలి ఇంటికి వెళ్లినా, రెండు రోజుల మాత్రలు నా హ్యాండ్‌బ్యాగులో వేరే ఉంటాయి, పెట్టెలో కాదు. ఏదైనా ఆపరేషన్ ఉంటే, ముందురోజు నుంచీ ఏమీ తినకూడదు అన్నప్పుడు ఈ మాత్రల సంగతేమిటని మత్తు డాక్టరునే నేరుగా అడగాలి. ఆసుపత్రిలో చేరితే నర్సమ్మలు అందరికీ ఒకే టైముకి మందులు ఇస్తారు. "ఈయనకి పదింటికి, రెండింటికి తప్పకుండా పడాలి" అని కేసు షీటు మీద రాయించుకోండి.

ఇవ్వకూడని మందులు

ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. నాలుగేళ్ల కిందట ఆయనకి వాంతులైతే దగ్గర్లోని ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. పార్కిన్సన్స్ ఉందని చెప్పాను. అయినా వాంతులు ఆగడానికి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశారు. రాత్రికి ఆయన కొయ్యలా అయిపోయారు. మింగలేరు, పక్కకి తిరగలేరు, కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. మామూలు మనిషి కావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మందు డోపమిన్‌నే అడ్డుకుంటుంది.

అలాంటివి ఇంకా ఉన్నాయి. వాంతులకి, కళ్లు తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్. గ్యాసు మాత్రల్లో కలిపి వచ్చే లెవోసల్పిరైడ్. ఇది మన దగ్గర చాలా మామూలుగా రాస్తారు, స్ట్రిప్ వెనక సన్నక్షరాలు చదవండి. తల తిరుగుడుకి ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్. మతిభ్రమకి, ఆందోళనకి ఇచ్చే హాలోపెరిడాల్. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి మావారి ఆధార్ కార్డుతో పాటు లామినేషన్ చేయించాను. ఎక్కడికి వెళ్లినా ముందు అదే చూపిస్తాను. వాంతులకి వేరే మందులున్నాయి, డాక్టరు చూసి ఇస్తారు.

అడుగు పడనప్పుడు

వంటింటి గడప దగ్గర ఆయన ఆగిపోతారు. చేతిలో స్టీలు గ్లాసు, అందులో సగం మజ్జిగ. పైభాగం ముందుకి వంగుతుంది, మడమలు లేస్తాయి, పాదాలు మాత్రం నేలకి అతుక్కున్నట్టు అక్కడే చిన్నచిన్నగా కొట్టుకుంటాయి. గుమ్మాలు, ఇరుకు సందులు, మలుపులు, తొందర, ఇవే ఆపేస్తాయి. మొదట్లో చెయ్యి పట్టుకుని లాగేదాన్ని. లాగితే మనిషి వస్తారు, పాదాలు రావు, ముందుకి పడిపోతారు. ఒక్కసారి అలాగే పడి గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి. ఎప్పుడూ లాగకండి.

ఏం చేయాలంటే: ముందు పూర్తిగా ఆగమనాలి. ఊపిరి తీసుకోమనాలి. చేతిలో గ్లాసు తీసేసుకోవాలి. బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి అటూ ఇటూ మార్చమనాలి. తర్వాత ఒక తాళం ఇవ్వాలి: ఒకటి, రెండు అని లెక్క, చప్పట్లు, పాట, ఏదైనా. మావారికి ఫిజియోథెరపిస్టు "ఒకటి రెండు" చెప్పి చూశారు, అంతగా పనిచేయలేదు. ఒకరోజు నాకేమనిపించిందో, వెనక నిలబడి "రైట్ రైట్" అన్నాను. కాలు లేచింది. ముప్పై ఏళ్లు ఆ మాటతో బస్సు కదిలించిన మనిషి. ఇప్పుడు మా మనవడు కూడా "తాతయ్యా, రైట్ రైట్" అంటాడు. బయట నుంచి వచ్చే తాళం పట్టుకుంటే, లోపల ఆగిపోయిన దారి కాకుండా వేరే దారిలో అడుగు పడుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పారు. మీవాళ్ల నోట్లో జీవితమంతా నానిన మాట ఏదో వెతకండి.

నేల మీద గీతలు కూడా పనిచేస్తాయి. గడపకి ఇటూ అటూ, బాత్రూం దారిలో, అడుగుకి ఒకటి చొప్పున రంగు టేపు ముక్కలు అడ్డంగా అంటించాం. గీత దాటాలని చూస్తే కాలు పైకి లేస్తుంది. తిరగాల్సి వచ్చినప్పుడు ఉన్నచోటనే గిరుక్కున తిరగకూడదు, బస్సు మలుపు తిరిగినట్టు పెద్దగా చుట్టి రావాలి. నడుస్తున్నప్పుడు మాట్లాడించకూడదు, చేతికి సామాను ఇవ్వకూడదు. కాళ్లు తుడుచుకునే పట్టాలు, పాత కార్పెట్లు, అడ్డంగా పాకే వైర్లు తీసేయండి. బాత్రూంలో గోడకి స్టీలు రాడ్లు వేయించండి. రాత్రి చిన్న బల్బు వెలగనివ్వండి.

లేచినప్పుడు కళ్లు తిరగడం వేరే సంగతి. జబ్బు వల్లా మందుల వల్లా నిలబడగానే బీపీ పడిపోతుంది. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లో ఒకసారి చూడండి. పైఅంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే డాక్టరుకి చెప్పాలి. బీపీకి పాత మాత్రలు వాడుతుంటే అవి తగ్గించాల్సి రావచ్చు.

లేవడం, పడుకోవడం

కుర్చీలోంచి లేపడానికి చంకల్లో చేతులు వేసి ఎత్తితే మన నడుము పోతుంది, వాళ్ల భుజమూ పోతుంది. ముందు కుర్చీ అంచుకి జరగమనండి. పాదాలు మోకాళ్లకన్నా వెనక్కి పెట్టమనండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత ముందుకి వంగమనండి. రెండుసార్లు ఊగి మూడోసారికి లేవమనండి. మెత్తటి సోఫా పనికిరాదు. గట్టిగా, ఎత్తుగా, చేతులున్న కుర్చీ ఉంటే చాలు.

మంచంలో పక్కకి తిరగలేకపోవడం అందరూ తక్కువగా అనుకుంటారు గానీ, రాత్రంతా ఒకే వైపు పడి ఉండటం ఎంత నరకమో ఆయన చెబితే తెలిసింది. నూలు దుప్పటి ఒంటికి పట్టేసుకుంటుంది. నడుము కింద భాగంలో మాత్రం నా పాత పట్టుచీర ముక్క పరుస్తాను, జారుతుంది. తిరగాలంటే ముందు మోకాళ్లు ముడిచి, తల తిప్పి, తర్వాత చెయ్యి అటు వేయాలి. మంచం చివరి కోడుకి ముళ్లు వేసిన గట్టి పంచె కట్టాను, అది పట్టుకుని లేచి కూర్చుంటారు. బట్టలు వేసేటప్పుడు ఎక్కువ బిగుసుకున్న చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు చివర విప్పాలి. బొత్తాములు తానే పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. మావారికి ఐదు బొత్తాములకి తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఆ తొమ్మిది నిమిషాలూ నేను పక్కనే కూర్చుని కూర తరుగుతాను.

మింగడం, మాట

పలుచటి రసం అన్నం మా ఇంట్లో మానేశాను. నీళ్లూ మెతుకులూ కలిసిన ముద్ద నోట్లో రెండుగా విడిపోతుంది, నీళ్లు ముందు జారి కొరబోతుంది. ముద్దపప్పు, మెత్తటి పెరుగన్నం, చిక్కటి జావ హాయిగా దిగుతాయి. మరమరాలు, అటుకుల మిక్చర్ వంటి పొడి తిండి ప్రమాదం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి మింగమనండి. చిన్న ముద్ద, అది మింగాకే ఇంకోటి. టీవీ ఆపేయండి. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. తింటుంటే దగ్గు వస్తున్నా, తిన్నాక గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే న్యుమోనియా ఈ జబ్బులో పెద్ద ప్రమాదం.

బస్సు చివరి సీటుదాకా వినిపించిన గొంతు ఇప్పుడు పక్క కుర్చీకి కూడా అందదు. తాను మామూలుగానే మాట్లాడుతున్నాననే ఆయన అనుకుంటారు. అందుకని "ఏమన్నారు?" అని విసుక్కోకుండా "గట్టిగా అనండి" అని చెప్పడం నేర్చుకున్నాం. రోజూ సాయంత్రం పది నిమిషాలు "ఆ..." అని ఊపిరున్నంతసేపు గట్టిగా పట్టించి, తర్వాత స్టేజీల పేర్లు పిలిపిస్తాను. విజయరాయి! ధర్మాజీగూడెం! చింతలపూడి! ఆ పేర్లు పిలిచేటప్పుడు గొంతు లేస్తుంది. వ్యాయామం కూడా అంతే, మందుతో సమానం. ఉదయం మాత్ర అందాక ముప్పావు గంట వీధిలో చేతులు ఊపుతూ నడక, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ.

మనసు

ఒక సాయంత్రం "ఆ పిల్లలెవరే, గోడ దగ్గర కూర్చున్నారు" అన్నారు. అక్కడెవరూ లేరు. నేను భయపడి వాదించాను, ఆయన ఇంకా భయపడ్డారు. వాదించకండి. లైటు వేయండి, పక్కన కూర్చోండి, "నాకు కనపడలేదండీ, మీకు ఇబ్బందిగా ఉందా?" అని అడగండి. ఉన్నట్టుండి ఇలా మొదలైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, కొత్త మందేదైనా చేరిందేమో చూడాలి. మావారికి వణుకు కోసం ఇచ్చిన ట్రైహెక్సిఫెనిడిల్ అనే మాత్ర డాక్టరు మెల్లగా తగ్గించి ఆపాక పిల్లలు కనిపించడం మానేశారు. పెద్ద వయసువాళ్లకి ఆ మందు బుర్రని అయోమయం చేయవచ్చట.

ఇంకో సంగతి ఆడవాళ్లు నోరు విప్పి చెప్పరు, నేను చెబుతాను. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మాత్రలతో కొందరికి ఆపుకోలేని కోరికలు పుడతాయి: పేకాట, ఫోన్లో రమ్మీ, అదే పనిగా కొనడం, తినడం, భార్యని ఇబ్బంది పెట్టేంత శరీర కోరిక. మావారు ఒకే నెలలో ఐదు వాచీలు తెప్పించారు. అది మనిషి గుణం కాదు, మందు చేసే పని. డాక్టరుకి చెబితే మార్చారు, తగ్గింది. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కూడా జబ్బులో భాగమే, దానికీ మందులున్నాయి.

ఆపరేషన్, దూలగొండి

మెదడులో సన్నటి తీగలు పెట్టి, ఛాతీ దగ్గర బ్యాటరీ అమర్చే ఆపరేషన్ ఉంది. డీబీఎస్ అంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో కూడా చేస్తారు. ఖర్చు లక్షల్లో. మాత్రకి బాగా స్పందించే వణుకు, బిగువు, మాత్ర వల్ల వచ్చే ఊగడం దీంతో తగ్గుతాయి. మాత్రకి లొంగని తూలడం, మాట, జ్ఞాపకశక్తి సాధారణంగా బాగుపడవు. జబ్బు నయం కాదు. అందరికీ పనికిరాదు, పరీక్షలు చేసి వాళ్లే చెబుతారు.

దూలగొండి గింజల పొడి వాడమని చుట్టాలు చెబుతారు. ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. అందుకే మాత్రలతో పాటు అది వేస్తే ఎంత పడుతోందో ఎవరికీ తెలియదు. వాడాలనిపిస్తే డాక్టరుకి చెప్పే వాడండి, దాచకండి.

మనకి కూడా

వికలాంగుల హక్కుల చట్టం 2016లో పార్కిన్సన్స్ పేరు ఉంది. సదరం క్యాంపులో పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తారు. డాక్టరు కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి, మాత్రల టైము తప్పకుండా చూసుకోండి, అక్కడ చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది.

మీరు నిద్రపోవాలి. మా మరిది మంగళవారం, శుక్రవారం రాత్రులు వచ్చి అన్నయ్య గదిలో పడుకుంటాడు, ఆ రెండు రాత్రులు నేను వేరే గదిలో తలుపు వేసుకుని పడుకుంటాను. ఆ మాట అడగడానికి నాకు ఆరేళ్లు పట్టింది. మీరు ఈ వారమే అడగండి.

ఇవాళ మా ఫ్రిజ్ మీద ఉన్న కాగితం ఇది:

6:00 మాత్ర, గ్లాసుడు నీళ్లు. 6:45 ఇడ్లీ. 7:15 నడక. 8:30 స్నానం.
9:30 మాత్ర. 10:30 పండు, పేపరు పైకి చదవడం.
1:00 మాత్ర. 1:45 భోజనం, అరగంట కూర్చోవాలి.
4:30 మాత్ర. 5:30 స్టేజీల పేర్లు, మనవడితో వాకిట్లో నాలుగు రౌండ్లు.
8:00 మాత్ర. 8:45 పప్పు, పెరుగు, భోజనం.
10:15 మెల్లగా కరిగే మాత్ర. పట్టు గుడ్డ పరవాలి. చిన్న బల్బు వేయాలి.